నవ్వించాలని గీయని బొమ్మలు: గ్రాంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కామిక్ పుస్తకాల ముఖచిత్రాలు

బొంబాయి గవర్నరుగా 1835 నుంచి 1838 వరకు ఉన్న సర్ రాబర్ట్ గ్రాంట్ పేరిట వెలసిన గ్రాంట్ రోడ్డును నేడు మౌలానా షౌకత్ అలీ మార్గమని పిలుస్తున్నారు. రైల్వే స్టేషనుకు మాత్రం పాత పేరే స్థిరపడిపోయింది. ఆ స్టేషనులో దిగి తూర్పు దిశగా కామాటిపుర గల్లీలవైపు నడిచివచ్చే వారికి 1960వ దశకం మొదలుకొని రెండు మూడు దశాబ్దాలపాటు దారిపొడవునా రెండు రకాల బొమ్మలు ఎదురయ్యేవి. తల పైకెత్తితే టాకీసుల ముఖద్వారాల మీద చేతితో వేసిన నిలువెత్తు సినిమా బోర్డులు. తల దించితే ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరచి అమ్మే పాత పుస్తకాలు. ఆ పుస్తకాల రాశిలో బడిపిల్లల చూపు మొదట పడేది కామిక్ పుస్తకాల ముఖచిత్రాల మీదనే. ఆ ముఖచిత్రాలను గీసినవారు ఎవరినీ నవ్వించాలని కోరలేదు. భయపెట్టాలని, ఉత్కంఠ కలిగించాలని, జేబులోని చిల్లరను బయటికి తీయించాలని మాత్రమే కోరారు. అయినప్పటికీ అవి నవ్వించాయి. ఆ నవ్వుకు కూడా ఒక చరిత్ర ఉన్నది.

కామాటిపురకు ఆ పేరు తెచ్చినవారు మనవారే. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు పల్లెలు విడిచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగు కూలీలను బొంబాయి ప్రజలు కామాటీలు అన్నారు. హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు పోటు ఆగి, పల్లపు నేలలు ఎండిన పిమ్మట వారు ఈ తావున గుడిసెలు వేసుకొన్నారు. రాయి మోశారు, సున్నం కలిపారు, నగరం కట్టారు. నగరంలోని శిలాఫలకాల మీద మాత్రం వారి పేర్లు వెతికినా కానరావు. కాలక్రమంలో పేట పేరు చెప్పగానే ఎదుటివారు మరొక అర్థంలో పెదవి విరిచి నవ్వే దుస్థితి కూడా వచ్చింది. ఆ నవ్వును పుస్తకాల సంచితోపాటు మోసుకొని బడికి వచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఇతరులు తమను చూసి నవ్వే చోట, తాము చూసి నవ్వగలిగిన వస్తువు ఒకటి నాలుగు డబ్బులకు దొరకడం ఆ పిల్లలకు చిన్న విషయం కాదు.

వీరసాహస కామిక్ ముఖచిత్రాలన్నిటికీ పెద్దన్న వంటిది అమెరికాలో 1938 జూన్ తేదీతో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక. జెర్రీ సీగెల్ కథ వ్రాయగా జో షూస్టర్ బొమ్మలు గీసిన సూపర్‌మ్యాన్ అందులోనే పుట్టాడు. ముఖచిత్రం మీద సూపర్‌మ్యాన్ ఒక ఆకుపచ్చ మోటారుకారును రెండు చేతులతో ఎత్తి రాతిబండకు మోదుతూ ఉంటాడు. చక్రం ఒకటి ఊడి ఎగురుతూ ఉంటుంది. ముందుభాగంలో ఒక మనిషి రెండు చేతులతో తల పట్టుకొని, కళ్ళు పెద్దవి చేసి, చూసేవారి మీదికే పరుగెత్తి వస్తూ ఉంటాడు. మొదటిసారి చూసినవారికి సూపర్‌మ్యాన్ ఎవరో తెలియదు. అతడు మంచివాడా, ఎవరి కారునో ధ్వంసం చేస్తున్న దుర్మార్గుడా అనే సంగతి కూడా బొమ్మలో లేదు. తల పట్టుకొని పారిపోతున్న మనిషిని చూస్తే పాపం, అతడే కారు యజమానియేమో అనిపిస్తుంది! లోపలి కథ చదివితే వారు దుండగులని తెలుస్తుంది. ముఖచిత్రం వరకు మాత్రం న్యాయం పారిపోయేవాడి వైపే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ తొలి సంచిక గ్రాంట్ రోడ్డు గోనెపట్టా మీదికి ఎన్నడూ రాలేదు. ఆ భంగిమ మాత్రం వచ్చింది. తరువాతి కాలపు అమెరికన్ సంచికలు చేతులు మారి, అంచులు చిరిగి, గీతల లోకంలో బరువెత్తడం ఎంత సులభమో చాటుతూ ఇక్కడికి చేరాయి. వాటిని చూసినది బరువులెత్తే వారి మనుమలు. తలమీద చుట్టకుదురు లేకుండా తట్ట ఎత్తితే మెడ ఏమవుతుందో, నడుము వంచి ఎత్తాలా మోకాలు వంచి ఎత్తాలా అన్నది చాళ్లలో పుట్టిన పిల్లవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. అటువంటివాడు లారీని ఒంటిచేత్తో పైకెత్తిన వీరుణ్ణి చూసినప్పుడు మొదట అడిగే ప్రశ్న పట్టు ఎక్కడ అని. పట్టుకొన్న చోట రేకు వంగకుండా, లారీ మొత్తం ఎలా లేస్తుంది? ఇదే విధంగా 1939 మే నాటి ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచిక మీద బ్యాట్‌మ్యాన్ ఒక దుండగుని మెడ చంకలో ఇరికించుకొని మేడల మీదుగా తాడు పట్టి ఊగుతూ వస్తాడు. ఆ తాడు పైకి పోయి బొమ్మ అంచు దాటి అదృశ్యమవుతుంది. పైన ఆకాశం తప్ప మరేమీ లేదు. పరంజా కట్టినవారి ఇంటి పిల్లవాడు తాడు కొస దేనికి కట్టి ఉన్నదని అడగకుండా ఉంటాడా? సైన్సు పాఠం ఇంతకన్న బాగా ఏ పాఠ్యపుస్తకం మొదలుపెడుతుంది?

ఈ తప్పులు చిత్రకారుల చేతగానితనం వలన వచ్చినవి కావు. ఈ విషయం స్పష్టంగా చెప్పడం అవసరం. పత్రికల దుకాణంలో వంద పుస్తకాల మధ్య ఒక పుస్తకం పది అడుగుల దూరంలో నడిచిపోయే కుర్రవాణ్ణి రెప్పపాటులో ఆపాలి. ఆ రెప్పపాటు కాలంలో ఎవరు, ఎవరితో, ఎంత ప్రమాదంలో ఉన్నారన్నది అంతా తెలియాలి. అందుచేత సూక్ష్మం చెడి స్థూలం మిగిలేది. జో సైమన్, జాక్ కర్బీ సృష్టించిన ‘కెప్టెన్ అమెరికా’ మొదటి సంచికనే చూడండి. తేదీ 1941 మార్చి. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనే లేదు. ముఖచిత్రం మీద నాయకుడు హిట్లర్ దవడ మీద పిడిగుద్దు గుద్దుతాడు. చుట్టూ సైనికులు తుపాకులు పేలుస్తూ ఉంటారు. అక్కడే అమెరికాలో విధ్వంసానికి వేసిన పథకాల కాగితం పడి ఉంటుంది. అది ఆ పథకాల కాగితమేనని దాని మీద చక్కని ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసి ఉంటుంది కూడా! జర్మనీ గూఢచారి శాఖ తన రహస్యపత్రాలకు శత్రుభాషలో పేరు వ్రాసి పెట్టుకొన్నదన్నమాట. అయితే నవ్విన తరువాత ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ బొమ్మ వేసిన ఇద్దరూ యూదు కుటుంబాలవారు. హిట్లర్ యూరప్‌లో యూదులను తరుముతున్న కాలం అది. ఆ పిడిగుద్దులో పరిహాసం లేదు.

ముఖచిత్రమే ముందు పుట్టి కథ తరువాత పుట్టిన సందర్భాలు కూడా అమెరికాలో సామాన్యం. డీసీ కామిక్స్ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ వంటివారు ముందుగా ఒక వింత బొమ్మ వేయించి, ఇది ఎలా జరిగిందో కథ అల్లమని రచయితకు అప్పగించేవారు. 1950వ దశకంలో గొరిల్లా బొమ్మ ఉన్న సంచికలు ఎక్కువగా అమ్ముడుపోతున్నాయని అక్కడి సంపాదకులు గమనించారు. ఇక ప్రతివారికీ గొరిల్లా కావలసివచ్చింది. చివరికి నెలకు ఒక గొరిల్లాకు మించి వద్దని కట్టడి చేయవలసి వచ్చిందని చెప్పుకొంటారు. మన సమస్యాపూరణం కూడా ఇంచుమించు ఇటువంటిదే. పృచ్ఛకుడు అసాధ్యమైన పాదం ఇస్తాడు, అవధాని దానికి అర్థం కుదిర్చి గట్టెక్కిస్తాడు. అవధానిలో గొరిల్లా లేదన్నదే తేడా.

బొంబాయిలో ఈ వ్యాపారం స్వదేశీ రూపం దాల్చినది 1964 మార్చిలో. టైమ్స్ ఆఫ్ ఇండియా ప్రచురణకర్తలైన బెనెట్ కోల్మన్ సంస్థ ‘ఇంద్రజాల్ కామిక్స్’ను ప్రారంభించింది. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్, అంతకు రెండేళ్ళ ముందు సృష్టించిన మాండ్రేక్ ఇందులో ప్రధాన నాయకులు. లోపలి బొమ్మలు విదేశాల నుంచి వచ్చినవి. తొలి సంచికల ముఖచిత్రాలు మాత్రం ఇక్కడి చిత్రకారుడు బి. గోవింద్ రంగులలో వేసినవి. ఆ బొమ్మలలో శ్రద్ధ, శ్రమ, రంగుల పొందిక నేటికీ మెచ్చదగినవి. నవ్వు వచ్చేది వస్తువును బట్టే. ఫాంటమ్ దట్టమైన అడవిలో ఎవరికంటా పడకుండా తిరిగే మనిషి. వంటికి మెడ నుంచి మడమ వరకు బిగుతు తొడుగు, దాని మీద చారల లాగు. ఉక్కపోసే అడవిలో అటువంటి దుస్తులు ఎవరు ధరిస్తారు? లీ ఫాక్ ఆ దుస్తులకు బూడిదరంగు అనుకొంటే, ఆదివారపు రంగుల పేజీలో అచ్చువారు ఊదారంగు వేశారు. ఇటలీలో అది ఎరుపైంది, స్వీడన్‌లో నీలమైంది. ఆకుపచ్చని అడవిలో దాగవలసినవాడికి ప్రపంచంలోని అచ్చువారు అందరూ కలిసి ఆకుపచ్చ తప్ప అన్ని రంగులూ పూశారు.

ఇక్కడ తెలుగు పిల్లలకు మరొక చిక్కు వచ్చిపడింది. హిందీ, మరాఠీ ప్రతులలో ఫాంటమ్‌కు వేతాళుడని పేరు పెట్టారు. చందమామ చదివే ఇళ్ళలోని పిల్లలకు బేతాళుడు ముందే తెలుసు. విక్రమార్కుడు కత్తి దూసి శవాన్ని భుజాన వేసుకొని శ్మశానంలో నడిచే శంకర్ బొమ్మ తెలుగు పిల్లల కంటిలో అచ్చుపడిపోయినది. ఆ బేతాళుడు కథ చెప్పి, ప్రశ్న అడిగి, జవాబు రాగానే చెట్టెక్కుతాడు. ఈ వేతాళుడు కథ చెప్పడు, ప్రశ్న అడగడు. ఎదురైనవాడి దవడ మీద పుర్రె ఉంగరపు ముద్ర కొడతాడు. తెల్ల గుర్రమెక్కి పిస్తోలు పట్టిన బేతాళుణ్ణి చూసి, ఇతణ్ణి మోయవలసిన విక్రమార్కుడు ఎక్కడ అని అడగడం తప్పా?

అన్ని నవ్వులూ ఇంత నిర్మలమైనవి కావు. మాండ్రేక్ వెంట ఉండే ఆఫ్రికా రాకుమారుడు లోథార్ చాలాకాలం చిరుతతోలు చుట్టుకొని, తురుష్కటోపీ పెట్టుకొని కనిపించాడు. యజమాని నల్లకోటు, పొడవు టోపీ, రెక్కల దుప్పటితో ఉంటాడు. సేవకుడికి చొక్కా లేదు. 1965లో ఫ్రెడ్ ఫ్రెడెరిక్స్ బొమ్మల పని చేపట్టిన తరువాత లోథార్‌కు మంచి బట్టలు, సరైన భాష వచ్చాయి. ముప్పయి ఏళ్ళు పట్టింది! ఇంగ్లీషు ప్రతులలో ఫాంటమ్‌కు అండగా నిలిచే పొట్టి అడవిజనుల తెగ పేరు బందర్. హిందీ మాట్లాడే నగరంలో ఆ పేరు వినగానే కోతులని నవ్వారు. తెలుగువారికి బందరు అంటే మచిలీపట్నం, లడ్డు. రెండు భాషలూ తెలిసిన కామాటిపుర పిల్లవాడికి రెండు విధాలుగానూ నవ్వు వచ్చింది. చొక్కాలేని శ్రామికుణ్ణి బొమ్మలో చూసినప్పుడు ఆ నవ్వు గొంతులో కొంత ఆగి ఉండవచ్చు. చొక్కా లేకుండా బరువులెత్తిన తాతలు వారి ఇళ్ళలోనే ఉన్నారు కదా.

టాకీసుల బోర్డుల సంగతి కూడా కొంత చెప్పాలి. పుస్తకపు అట్టకూ సినిమా బోర్డుకూ ఒకటే వ్యాకరణం. ప్లే హౌస్ అన్న మాట జనం నోట ‘పిలా హౌస్’ అయిన ఈ వీధులలో ఆల్ఫ్రెడ్ వంటి టాకీసులు పాత పోరాట చిత్రాలను తిరిగి తిరిగి ఆడించేవి. రంగులు వేసేవారికి చిన్న నిశ్చలచిత్రాలు ఇచ్చేవారు. వారు గళ్ళు గీసి, ఒక ఫొటో నుంచి తల, మరొక ఫొటో నుంచి శరీరం, వేరొకచోట నుంచి గుర్రం తెచ్చి కలిపేవారు. అందువలన కథానాయకుడి తల గుర్రం తలకన్న పెద్దదయ్యేది. ముఖం ఒకవైపు ఎరుపు, మరొకవైపు నీలం. చూసిన పిల్లలు నవ్వారు. ఆ నీలం రాత్రిని, ఆ ఎరుపు కోపాన్ని తెలుపుతాయని ఎవరూ చెప్పకుండానే గ్రహించారు కూడా. ఇదే గ్రాంట్ రోడ్డు ప్రాంతంలో నివసిస్తూ సినిమా బోర్డులు వేసి పొట్టపోసుకొన్న యువకుడు ఎం.ఎఫ్. హుస్సేన్ అనంతరకాలంలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. బొంబాయి ప్రేక్షకులకు ముసుగు వీరుడు కూడా విదేశీ సరుకు కాదు. వాడియా మూవీటోన్ వారి ‘హంటర్‌వాలీ’లో నాడియా ముసుగు ధరించి కొరడా ఝళిపించినది 1935లో, అంటే ఫాంటమ్ పుట్టుకకు ఏడాది ముందే.

అచ్చుయంత్రం కూడా తెలియకుండా హాస్యరచయిత అయింది. రంగుల అచ్చుకు పసుపు, ఎరుపు, నీలం, నలుపు అని నాలుగు పలకలు. నాలుగూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. కాగితం నూలుపోగంత జరిగితే చాలు, కథానాయిక పెదవుల రంగు చెక్కిలి మీదికి, వీరుడి ముసుగు చెవి మీదికి పోతుంది.

పెద్దలు, ముఖ్యంగా ఉపాధ్యాయులు, ఈ పుస్తకాలను ఏ కంటితో చూశారన్నది దాచవలసిన విషయం కాదు. అమెరికాలో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్తామ్ కామిక్స్ పిల్లలను నేరాల బాట పట్టిస్తున్నాయని 1954లో గ్రంథం వ్రాశాడు. అదే ఏడాది ప్రచురణకర్తలు తమకు తాము నియమావళి విధించుకొన్నారు. భారత పార్లమెంటు 1956లో యువజనులకు హానికరమైన ప్రచురణలను నిరోధించే చట్టమే చేసింది. నేరాలను, హింసను, జుగుప్సాకర సంఘటనలను బొమ్మలతో చెప్పి ఇరవై ఏళ్ళ లోపు వారిని చెడగొట్టే పుస్తకాలు అమ్మితే శిక్ష అన్నది దాని సారాంశం. చట్టం సంగతి ఎలా ఉన్నా, తరగతిగదిలో తీర్పు త్వరగా వెలువడేది. భూగోళం పుస్తకం మధ్య దొరికిన కామిక్ జప్తు అయ్యేది. ముఖచిత్రం చింపి విద్యార్థి ఎదుటే చెత్తబుట్టలో వేయడం కూడా ఆనాటి బడులలో వింత కాదు. ఆ పిల్లవాడు దాన్ని రోజు అద్దెకు తెచ్చినట్లయితే దుకాణం వాడికి పూర్తి వెల కట్టవలసి వచ్చేదన్న విచారణ ఎవరూ చేయలేదు. అది ఉపాధ్యాయలోకం చేసిన పొరపాటు. అదే ఉపాధ్యాయులు గాండీవం నుంచి ఒకేసారి వంద బాణాలు వెలువడే క్యాలెండరు బొమ్మను గోడకు తగిలించి నమస్కరించేవారు. పిల్లలు ఆ రెంటినీ పోల్చలేదనుకోవడం అమాయకత్వం. యుగంధర్ డిటెక్టివ్ నవలలు, అంటే కొమ్మూరి సాంబశివరావు రచనలు, పెద్దల దిండ్ల కింద ఉండేవన్న సంగతి కూడా పిల్లలకు తెలుసు.

కామాటిపురకు ఎంతో దూరం లేని డోంగ్రీలో పెరిగిన ఆబిద్ సుర్తీ చరిత్ర ఇక్కడ చెప్పుకోదగినది. 1935లో జన్మించిన ఆయన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, సైనికుల రైలు వెంట పరుగెత్తే పిల్లల గుంపులో ఒకడు. సైనికులు విసిరిన వస్తువులలో ఆయన చేతికి చిక్కినది ఒక మిక్కీ మౌస్ కామిక్ కాగితం. ఆ కాగితం చూసి గీయడం నేర్చుకొన్నారు. చించిన కాగితమే ఒకరి చేత కుంచె పట్టించింది. ఆయనే 1976లో ఇంద్రజాల్ కామిక్స్‌కు బహదూర్ అనే భారతీయ నాయకుణ్ణి సృష్టించారు. బొమ్మలు గోవింద్ వేశారు. బందిపోటు కుమారుడు, కాషాయరంగు కుర్తా, జీన్స్ ప్యాంటు, ముసుగు లేదు. గ్రామస్థులను కూడగట్టి దోపిడీదొంగలను ఎదిరిస్తాడు. పిడిగుద్దులు మాత్రం అవే. కుర్తా నలగకపోవడమూ అదే. అయినా చెమట పట్టే దేశంలో నూలుబట్ట కట్టిన వీరుడు దొరికాడు. ఏడేళ్ళ తరువాత, 1983లో, అమితాబ్ బచ్చన్ ‘సుప్రీమో’గా కామిక్స్‌లోకి వచ్చినప్పుడు మళ్ళీ బిగుతు తొడుగు, కళ్ళను కప్పే అద్దాలు వచ్చాయి. ఆ అద్దాల వెనుక ఎవరున్నారో కథలోని వారికి తెలియదట! దేశం మొత్తానికి తెలుసు.

ఇంద్రజాల్ సంపాదకులు నిర్లక్ష్యం గలవారని ఎవరూ అనలేరు. మన దేశపు పాఠకుల మనసు నొప్పించకూడదని వారు పేర్లు మార్చారు. మూలంలోని బెంగాలీ అనే దేశం డెంకాలీ అయింది. సింగ్ అనే సముద్రపు దొంగల ముఠా సింగా అయింది. ఫాంటమ్ తండ్రిని చంపిన ఘాతకుడికి మూలకర్త పెట్టిన పేరు రామ. అది ఎంత మాత్రమూ తగదని తలచి, ఎవరికీ తగలని పేరు కావాలని, చివర ఒక అక్షరం చేర్చి ‘రామలు’ అన్నారు. బోరీబందర్ ఎదుట ఉన్న టైమ్స్ భవనానికి కామాటిపుర ఎంతో దూరం లేదు. అక్కడి తెలుగు గల్లీలలో రాములు లేని చాలు లేదు, రాములు లేని కూలీల హాజరుపట్టీ లేదు, రాములు లేని తరగతి లేదు. బెంగాలీలు నొచ్చుకొంటారని తెలిసింది, సిక్కులు నొచ్చుకొంటారని తెలిసింది, రామభక్తులు నొచ్చుకొంటారని తెలిసింది. ఆ భవనాల పునాదులు తవ్విన జనంలో సగం మందికి ఆ కొత్త పేరే ఉన్నదని మాత్రం తెలియలేదు.

తెలుగు పిల్లలు నొచ్చుకోలేదు. తరగతిలో హాజరు పిలిచినప్పుడు ‘రాములు’ అనగానే వెనుక బల్లల నుంచి ఎవరో ఒకరు దవడ తడుముకొనేవారు.

ఇంద్రజాల్ కామిక్స్ 1990లో నిలిచిపోయింది. అప్పటికి ఫుట్‌పాత్ మీద ఢిల్లీ నుంచి వచ్చే రాజ్ కామిక్స్ నాగరాజు వచ్చి చేరాడు. అతని మణికట్టుల నుంచి పాములు వెలువడతాయి. ఆకుపచ్చని ఒళ్ళు, అడవిలో దాగడానికి అనువైన రంగు. కాని అతడు నగరంలో ఉంటాడు. పాత ఇంద్రజాల్ సంచికలను నేడు సేకర్తలు ప్లాస్టిక్ తొడుగులలో దాచి, వందలకు, వేలకు కొంటున్నారు. అట్ట చిరగని ప్రతికి వెల ఎక్కువ. బడులలో చింపి పారవేసిన అట్టలను లెక్క వేసినవారు లేరు.